మెగ్నీషియం గీత

భౌతికశాస్త్ర విభాగాధిపతి జయప్రకాశ్ మాట్లాడటం మొదలుపెట్టగానే ఉషారాణి స్టాఫ్‌రూము గోడ మీది క్యాలెండర్ వైపు చూపు తిప్పుకునేది. ఎరువుల దుకాణం వాళ్లు పంచిపెట్టిన క్యాలెండర్ అది. పెద్దగా చూడదగ్గ బొమ్మేమీ కాదు, పురుగుమందు డబ్బా పట్టుకుని నవ్వుతున్న ఒక రైతు. అయినా ఆయన మొహం కంటే ఆ డబ్బానే నయమని ఆమె అభిప్రాయం.

ఆమె అభిప్రాయాలు చాలావరకు ఇలాగే ఉండేవి. కారేపల్లి దగ్గరి తండాలో పుట్టి, హైదరాబాదులో కోడిగుడ్డు ఆకారపు ఎలిప్టికల్ గెలాక్సీల మీద పీహెచ్‌డీ చేసి, పాల్వంచలో ఒక ప్రైవేటు పీజీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆ కాలేజీలో తనంత చదివినవాళ్లు ఇంకొకరు లేరని ఆమె నమ్మకం. అది అబద్ధమేమీ కాదు, నిజమే. కాకపోతే ఆ ఒక్క నిజాన్ని పొద్దస్తమానం చప్పరిస్తూ కూర్చోవడం వల్ల మిగతా ఏదీ రుచించకుండా పోయింది. ప్రిన్సిపాల్ దద్దమ్మ, కెమిస్ట్రీ వాళ్లు గైడు పుస్తకాల బాపతు, పిల్లలు మార్కుల యంత్రాలు. బస్సులో పక్కన కూర్చున్న థర్మల్ విద్యుత్ కేంద్రం ఉద్యోగి షిఫ్టు కబుర్లు చెప్పబోతే కిటికీ వైపు తిరిగి, ఊళ్లో బూడిదకు తోడు ఇదొకటా అనుకునేది.

అందరిలోకీ పెద్దపీట మాత్రం జయప్రకాశ్‌దే. ఆయన తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్నాడు, తండ్రి ఖమ్మం యార్డులో మిర్చి కమిషన్ దుకాణం పెట్టాడు, ఈయన ఎలాగో భౌతికశాస్త్రంలో తేలాడు. ఎప్పుడో స్ఫటికాల మీద పరిశోధన చేశాడు. తనిఖీ కమిటీ వస్తోందని, విభాగంలో 'పరిశోధన వాతావరణం' చూపించాలని యాజమాన్యం చెప్పిన రోజునే ఆయనకు గెలాక్సీల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"స్ఫటికాలకు ల్యాబ్ కావాలండీ. గొట్టాలు పగులుతాయి, మందులు ఒలుకుతాయి. గెలాక్సీలకైతే ఇంటర్నెట్ చాలు. పగిలే బాధ లేదు" అన్నాడు స్టాఫ్‌రూములో, చాలా ముందుచూపు ఉన్నవాడిలా.

ఉషారాణి డబ్బా వైపు చూసింది.

ఆయన చెప్పిందాంట్లో కొంత నిజముంది. ఎక్కడో విదేశాల్లో పెద్ద టెలిస్కోపుతో లక్షల గెలాక్సీల వెలుగును రంగులుగా విడదీసి, ఆ వర్ణపటాలన్నీ నెట్‌లో పెట్టారు. ఎవరైనా దించుకోవచ్చు. అలాంటి వర్ణపటంలో మధ్యమధ్య నల్లటి గీతలు ఉంటాయి. ఆకుపచ్చ దగ్గర మెగ్నీషియం గీత, దానికి కాస్త అవతల ఇనుము గీతలు. గీత ఎంత లోతుగా ఉంటే అక్కడి నక్షత్రాల్లో ఆ లోహం అంత ఎక్కువని మోటు లెక్క. మోటు లెక్క అనడం ఎందుకంటే, నక్షత్రాలు ముసలివైనా గీత లోతవుతుంది. అందుకని వయసును హైడ్రోజన్ గీతతో విడిగా తేల్చుకోవాలి. పెద్ద గెలాక్సీలో నక్షత్రాలు ఎటుపడితే అటు ఉరుకుతుంటాయి కాబట్టి గీత అలుక్కుపోయి పలచగా కనబడుతుంది. దాన్నీ సరిచెయ్యాలి. ఓపిక లేనివాళ్లు చేసే పని కాదు.

ఓపిక ఉన్న మనిషిని జయప్రకాశ్ వెతికి పట్టుకున్నాడు. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్న లిఖిత. బోనకల్ అమ్మాయి, పాల్వంచ హాస్టల్లో ఉంటుంది. ప్రాజెక్టు గైడు స్థానంలో ఆయన పేరు రాసుకున్నాడు. ఉషారాణిని పిలిచి, "మీరు కాస్త వెనకనుంచి చూసుకోండి మేడమ్, మీ సబ్జెక్టే కదా" అన్నాడు. పని తనది, పేరు ఆయనది. సంవత్సరాల తరబడి తాను దాచుకున్న విద్యను వెనకనుంచి అరువిమ్మని అడుగుతున్న ఆ మొహం మీదనుంచి ఉషారాణి చూపును క్యాలెండర్ డబ్బా మీదికి తిప్పుకుంది. "అట్లనే సార్" అంది.

లిఖిత మీద కూడా ఆమెకు మంచి అభిప్రాయమేమీ లేదు. ఆ పిల్ల భూములున్న ఇంటిది, ఊళ్లో రెండంతస్తుల ఇల్లు ఉంటుంది, సార్‌కు ఏదో వరసకు చుట్టమై ఉంటుంది అని ఊహించుకుంది. చుట్టమా కాదా అని ఎవరినీ అడగలేదు. లిఖిత తండ్రి రెండెకరాలు కౌలుకు చేస్తాడని, కూతురికి బీఈడీ చాలనుకుంటున్నాడని, ఈ ఒక్క ఏడాదీ ఆగమని ఆ పిల్ల బతిమాలుకుందని తర్వాత తెలిసింది. బెంగళూరు వైపు ఒక ఖగోళ పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ సీటుకు దరఖాస్తు పెట్టుకుంది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి ఆమె చేతిలో ఉన్నది ఈ ప్రాజెక్టు ఒక్కటే. అది నిలబడితే సీటు, లేకపోతే బీఈడీ.

ఇదంతా లిఖితే స్వయంగా చెప్పింది. ఉషారాణి విన్నది కానీ, ఆ మాటల్ని లోపలికి పోనివ్వలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం లిఖిత ల్యాప్‌టాప్ పట్టుకుని స్టాఫ్‌రూముకి వచ్చింది. అప్పటిదాకా చేసిన పని చూపించింది. ఒకే బరువున్న ఎలిప్టికల్ గెలాక్సీల్ని ఏరింది. నక్షత్రాల ఉరుకులాటకు సవరణ చేసింది. హైడ్రోజన్ గీతలో గ్యాసు వెలుగు కలిసినవాటిని తీసి పక్కన పెట్టింది. హైదరాబాదులో తన తోటి స్కాలర్లు సగంమంది ఇంత శుభ్రంగా చెయ్యలేదని ఉషారాణికి మొదటి పేజీలోనే అర్థమైంది. తర్వాత గ్రాఫు తెరిచింది లిఖిత. దగ్గరి గెలాక్సీల్లో మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. దూరం పోయేకొద్దీ రెండూ తగ్గుతూ వచ్చాయి, మెట్లు దిగినట్టు.

"దూరంగా ఉన్నవంటే పాతకాలపు వెలుగు కదా మేడం. అప్పట్లో లోహాలు తక్కువుండి, ఇప్పటికి పెరిగాయని జయప్రకాశ్ సార్ అంటున్నారు. ఈ కాస్త దూరానికే ఇంత తేడా ఎందుకొస్తుందో నాకు అర్థం కాలేదు. మీరు ఒకసారి చూస్తారా?"

ఉషారాణి చూసింది. చూడగానే తెలిసిపోయింది.

ఆ టెలిస్కోపులో వెలుగును పట్టేది ఫైబర్ అనే ఒక సన్నని గాజు తీగ. ఆకాశంలో అది ఎప్పుడూ ఒకే సైజు చుక్కను చూస్తుంది. గెలాక్సీ దగ్గరగా ఉంటే ఆ చుక్కలో దాని నడిమి భాగం మాత్రమే పడుతుంది. దూరంగా ఉంటే చిన్నగా కనబడుతుంది కాబట్టి అంచులతో సహా పడుతుంది. ఎలిప్టికల్ గెలాక్సీకి లోహాలన్నీ నడిమధ్యలో చిక్కగా ఉంటాయి, అంచులకు పోయేకొద్దీ పలచబడతాయి. అంటే గ్రాఫులో దిగుతున్న మెట్లు విశ్వం చరిత్ర కాదు. గాజు తీగలో ఎంత భాగం పట్టిందన్న లెక్క, అంతే. ఏ గెలాక్సీనైనా దాని సైజులో ఒకే వంతు వరకు చూస్తే మెట్లు చాలావరకు చదునైపోతాయి.

ఇది తెలియగానే ఆమెకు కలిగింది సంతోషం. దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి లేదు. ఎందుకంటే జయప్రకాశ్ ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెప్పే కథ ఒకటి ఉంది. మిర్చి యార్డులో బస్తా మూతి దగ్గర ఎర్రటి నిగనిగలాడే కాయలు పేర్చి, అడుగున తెల్లబారిన తాలుకాయ దాచేవాళ్లు ఉంటారట. వాళ్ల నాన్న కుట్టు విప్పించి, మోచేయి లోపలికి పోయేదాకా చెయ్యి పెట్టి, అడుగు కాయ తీసి చూస్తేగాని మాట్లాడేవాడు కాదట. "శాస్త్రీయ దృక్పథం అంటే అదీ" అని ముగించేవాడు. ఆమె తండ్రి రామ్‌చందర్ అదే యార్డులో బస్తాల పక్కన నిలబడి, ఆ చెయ్యి తన కాయను కెలుకుతుంటే నోరు మూసుకుని చూసిన రైతు. ఆ కథ విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి ఇప్పుడు గెలాక్సీల బస్తాలకు మూతి దగ్గర కాయ చూసి ధర కడుతున్నాడు. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదనిపించింది.

"మంచిగనే ఉంది" అంది ఉషారాణి, గ్రాఫు మీదనుంచి చూపు తిప్పకుండా.

"తప్పేం లేదా మేడం?"

"ఏందమ్మా, చెప్పిన గద. మంచిగున్నది. సార్‌కు చూపియ్యి, ఖుషీ అయితడు."

లిఖిత మొహం విప్పారింది. థాంక్యూ మేడం, థాంక్యూ మేడం అని రెండుసార్లు అని, గుమ్మం దాటేటప్పుడు ఇంకోసారి అంది. ఉషారాణికి ఆ వినయం కూడా నచ్చలేదు.

జయప్రకాశ్ ఖుషీ అవడమంటే మామూలుగా కాదు. పేపరు జిల్లా పేజీలో ఫొటో వేయించుకున్నాడు. 'విశ్వంలో ఇనుము పుట్టుక గుట్టు విప్పిన పాల్వంచ అధ్యాపకుడు' అని హెడ్డింగు. ఫొటోలో ఆయన వెనక కంప్యూటరు, కంప్యూటరులో సుడి తిరిగిన ఒక స్పైరల్ గెలాక్సీ. ప్రాజెక్టు ఎలిప్టికల్ గెలాక్సీల మీద, బొమ్మ స్పైరల్‌ది. అన్నం మీద చేసిన పరిశోధనకు చపాతీ ఫొటో వేసినట్టుంది. స్టాఫ్‌రూములో మిఠాయి పంచితే ఉషారాణి ఒక ముక్క తీసుకుని డ్రాయరులో పడేసింది. లిఖిత పేరు వార్తలో ఎక్కడా లేదు. అది చూసి, ఆ పిల్ల పేరైనా వేయించనివాడు ఎంత నీచుడో అనుకుందే తప్ప, ఆ పిల్ల సంగతేమిటని అనుకోలేదు.

తర్వాత జాతీయ సదస్సు ప్రకటించారు. పేరుకు ఖగోళశాస్త్రం మీద, జరిగేది భద్రాచలంలో. పాల్వంచలో హాలు లేక కాదు. భద్రాచలమైతే వచ్చేవాళ్లకు రాముల వారి దర్శనం అవుతుంది, దర్శనం ఉందంటే ఎవరూ రానని అనరు. రానూపోనూ వాహనాల ఏర్పాటు, ప్రసాదం ప్యాకెట్లు, శాలువాలు అన్నీ ముందే ఖరారయ్యాయి. ఎవరు ఏం మాట్లాడతారన్నది మాత్రం ఆఖరివారం దాకా ఖాళీగానే ఉంది. ముఖ్య అతిథిగా సీతారావమ్మ అనే శాస్త్రవేత్త వస్తున్నారని తేలాక జయప్రకాశ్ చేతులు రుద్దుకున్నాడు. ఆమెది సత్తుపల్లి దగ్గరి ఊరు. లిఖిత సీటుకు పెట్టుకున్న సంస్థలోనే పనిచేస్తుంది. ఇంటర్వ్యూ బోర్డులో కూడా ఉంటుంది.

"మనమ్మాయి పని ఆమె కళ్లారా చూస్తే ఇంక ఇంటర్వ్యూ లాంఛనమేనండీ" అన్నాడు జయప్రకాశ్.

ఉషారాణి అప్పుడైనా నోరు విప్పాలి. విప్పలేదు. ఆమె అప్పటికే సదస్సులో తాను లేచి అడగబోయే ప్రశ్నను తయారుచేసుకుంటోంది. బస్సులో, వంటింట్లో, క్లాసుల మధ్య ఖాళీలో దాన్ని చెక్కుతూ పోయింది. 'సార్, బస్తా మూతి దగ్గరి కాయ చూసి అడుగు కాయకు ధర కట్టవచ్చునా?' అని మొదలుపెట్టాలి. ఆయనకు మొదట అర్థం కాదు, హాలంతా నవ్వినాక అర్థమవుతుంది. ఆ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని రోజూ కాస్త కాస్త ఆనందించింది.

సదస్సు నాడు పొద్దున్నే కాలేజీ బస్సు బయల్దేరింది. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి అధ్యాపకులంతా చేతులు జోడించారు. ముందు సీట్లో ఒకాయన దర్శనం క్యూ గురించి పెద్ద గొంతుతో ఉపన్యాసమిస్తున్నాడు. లిఖిత లేచి వచ్చి ఉషారాణి పక్కన కూర్చుంది.

"మేడం, నాకు ఒకచోట ఇంకా అనుమానంగానే ఉంది. అదే, దూరంతో పాటు అంత పద్ధతిగా దిగడం. నిద్ర పట్టలేదు. ఒక్కసారి చూస్తారా?"

"ఇప్పుడేం చూస్తం? అన్నీ అయిపోయినయ్."

"మీరు బాగుందన్నారు కదా అని ధైర్యంగా ఉన్నా మేడం. లేకపోతే సార్‌కి అప్పుడే చెప్పేదాన్ని, ఆగుదామని."

"అవ్, చెప్పిన గద" అంది ఉషారాణి. వంతెన కింద నీళ్లు తక్కువగా ఉన్నాయి, ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. ఒక్క క్షణం చెప్పేద్దామనిపించింది కాని, ఇంకో రెండు గంటల్లో దక్కబోయే సుఖాన్ని వదులుకోబుద్ధి కాలేదు. లిఖిత కాసేపు చూసి తన సీటుకు వెళ్లిపోయింది.

కల్యాణ మంటపంలో సదస్సు. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర కుర్చీలు రెండు; ఒకదాంట్లో జయప్రకాశ్ కూర్చున్నాడు, మిగతా వక్తలు ప్లాస్టిక్ కుర్చీల్లో. మూడో వరసలో ఉషారాణి పక్కన నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ, ఒళ్లో ప్రసాదం పొట్లంతో కూర్చుని ఉంది. దర్శనానికి వచ్చి ఏసీ కోసం లోపలికొచ్చిన భక్తురాలనుకుని ఉషారాణి తన బ్యాగు కాస్త ఇవతలికి జరుపుకుంది. కాసేపటికి మైకులో పేరు పిలిస్తే ఆవిడే లేచి వేదిక ఎక్కింది. ఆవిడే సీతారావమ్మ. ఉషారాణి బ్యాగును మళ్లీ మామూలు చోటికి జరిపింది.

జయప్రకాశ్ నలభై స్లైడ్లు చూపించాడు. 'నేను గమనించాను', 'నాకు తట్టింది', 'నా కొలతల ప్రకారం' అన్నాడు. గ్రాఫు వచ్చినప్పుడు కొంచెం ఆగాడు, చప్పట్లు పడ్డాయి. ఉషారాణి ప్రశ్నను నాలుక చివర సర్దుకుంది. సమావేశకర్త "ప్రశ్నలుంటే..." అనడంతోనే లేవబోయింది. కాని సీతారావమ్మ ముందే మైకు అందుకుంది.

"గెలాక్సీలన్నిటికీ ఒకే ఫైబర్ వాడారు కదండీ. దగ్గరివాటిలో నడిమి భాగమే పడుతుంది, దూరంవాటిలో మొత్తం పడుతుంది. ఆ తేడాకి ఏం చేశారు?"

పదునేమీ లేదు, కూరలో ఉప్పేశారా అని అడిగినట్టు అడిగింది. జయప్రకాశ్ మొహంలో ఉషారాణి ఎదురుచూసింది ఏదీ రాలేదు. రెప్పపాటు మాత్రం తడబడి, వెంటనే ఆయన నవ్వాడు.

"చాలా మంచి ప్రశ్న మేడమ్. ఈ కొలతలన్నీ మా స్టూడెంటే చేసిందండీ. నేను పైపైన గైడెన్స్ ఇచ్చాను అంతే. లిఖితా, రామ్మా. మేడమ్‌కి చెప్పు."

ఇంతసేపూ నేను నేను అన్న మనిషి అరనిమిషంలో నేనుకు రాజీనామా ఇచ్చేశాడు. ఆయన సిగ్గులేనివాడని ఉషారాణికి ముందే తెలుసు, తెలిసి కూడా ఈ లెక్క వెయ్యలేదు. అలాంటివాడు పడాల్సిన చోట తాను పడడు, పక్కవాళ్లను తోస్తాడు. ఆ పక్కన ఉన్నది లిఖిత అని, మొదటినుంచీ లిఖితేనని, ఆమెకు ఇప్పుడు తోచింది. 

లిఖిత వేదిక ఎక్కింది. మైకు ఎత్తు ఆమెకు సరిపోలేదు, దాన్ని దించడం చేతకాలేదు.

"లేదు మేడం. ఆ తేడా చూసుకోలేదు. అన్నిటికీ ఒకే ఫైబర్ కాబట్టి ఒకే కొలత అనుకున్నా."

"ఒకే ఫైబర్ కాబట్టే ఒకే కొలత కాదమ్మా."

"అవును మేడం. ఇప్పుడు తెలుస్తోంది." తెర మీది గ్రాఫు వైపు తిరిగింది. "అందుకే అంత పద్ధతిగా దిగింది."

"మిగతా పని శుభ్రంగా ఉంది. ఎవరికైనా తెలిసినవాళ్లకు చూపించావా?"

లిఖిత చూపు మూడో వరస దాకా వచ్చింది. ఉషారాణి మీద ఆగింది. అందులో ఫిర్యాదు లేదు, ఏదో అర్థం చేసుకోవడానికి చూస్తున్నట్టు ఉంది. తర్వాత వెనక్కి పోయింది.

"నేనే చూసుకున్నా మేడం. తప్పు నాదే."

"వచ్చేవారం ఇంటర్వ్యూకి ఈ పనే తెస్తున్నావా?"

"ఇదొక్కటే ఉంది మేడం."

"ఇది నిలబడదమ్మా" అంది సీతారావమ్మ. మైకు కింద పెట్టేసింది.

ఉషారాణి లేచి నిలబడింది. ఎన్నో రోజులు సానపెట్టిన ప్రశ్న ఒక్క ముక్క గుర్తురాలేదు. మైకు కూడా అడగలేదు.

"మేడం, ఆ అమ్మాయి నాకు చూపించింది. ఫిబ్రవరిల. నాది ఇదే సబ్జెక్టు. చూడంగనే నాకు తెలిసింది."

 సీతారావమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని ఆమె వైపు చూసింది.

"తెలిసి ఏం చెప్పారు?"

"మంచిగున్నదని చెప్పిన. ఇయ్యాల పొద్దున బస్సుల కూడ అడిగింది. అప్పుడు గూడ గదే చెప్పిన."

"ఎందుకలా?"

చుట్టూ అంతమంది. తాను దద్దమ్మలని, యంత్రాలని పేర్లు పెట్టిన వాళ్లందరూ. అబద్ధం చెప్పడానికి కావలసినంత తెలివి ఆమెకు ఉంది, కాని వాడబుద్ధి కాలేదు.

"సార్ గిక్కడ నలుగుట్ల నవ్వులపాలు కావాల్నని."

ఎవరూ నవ్వలేదు.  సీతారావమ్మ అంది, "ఇప్పుడు ఈ మాట చెప్పడం వల్ల మీ మనసు తేలికవుతుందేమో. ఈ పిల్లకు మాత్రం ఒరిగేది లేదు. బోర్డులో తప్పెవరిదని అడగరు, పని ఏదీ అని అడుగుతారు. వారంలో చెయ్యగలిగిన పనా ఇది? ఎన్ని వేల గెలాక్సీలకు సైజులు తియ్యాలి, సరిపడనివి తీసెయ్యాలి, మళ్లీ గీతలు కొలవాలి." లిఖిత వైపు తిరిగి, "సరిచేసి వచ్చే ఏడు రా అమ్మా" అంది.

వచ్చే ఏడు అనేది లిఖితకు లేదని, తండ్రి ఆగింది ఈ ఒక్క ఏడాదికేనని ఆ హాల్లో తెలిసింది వాళ్లిద్దరికే.

అప్పుడు జయప్రకాశ్ మైకు దగ్గరికి వచ్చాడు. శాలువా సర్దుకున్నాడు. మొహం నిండా దయ.

"పోనీలెండి. ఉషారాణి గారు మాకు ఇంటి మనిషి. మనుషులమన్నాక ఏవో మనస్పర్థలు ఉంటాయి. నిండు సభలో తప్పు ఒప్పుకోవడానికి ఎంతో గొప్ప మనసు ఉండాలి. నేనైతే మనసులో ఏమీ పెట్టుకోవట్లేదు. వారిని క్షమించేశాను."

జనం చప్పట్లు కొట్టారు. గ్రాఫుకు కొట్టిన వాటికంటే గట్టిగా కొట్టారు. ఉషారాణి ఆ చప్పట్లలో నిలబడి ఉంది. ఏళ్ల తరబడి ఆమె అసహ్యించుకున్న మనిషి ఆమెను క్షమించాడు. ఆయన మీద ఆమెకున్న చిన్నచూపులో ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. ఆయన ఎప్పటిలాగే అంత నీచుడే. తేడా ఏమిటంటే, ఇప్పుడు తాను ఆయన పక్కనే కూర్చోదగ్గ మనిషి. ఆ ఎర్ర కుర్చీల్లో రెండోది ఖాళీగానే ఉంది.

భోజనాల వేళ అందరూ పంక్తుల్లో కూర్చున్నారు. లిఖిత హాల్లోనే ఉండిపోయింది. వేదిక మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ వైరు చుడుతోంది. ఏడ్చినట్టు లేదు. ఉషారాణి దగ్గరికి వెళ్లి, ఎప్పుడూ చెయ్యని పని, మెట్ల మీద ఆమె పక్కనే కూలబడింది.

"లిఖితా, ఇంకా వారం ఉంది. నేను కాలేజీకి సెలవు పెడత. ఇద్దరం కూసుందాం. సైజులు తీసిపెట్టిన క్యాటలాగులు ఉన్నయ్, నాకు ఎరుకే. ఒకే వంతు పట్టినయి ఏరితే తక్కువే మిగుల్తయ్, అయినా సాలు. నేను పొద్దుమాపు చూస్త. ప్రతి మెట్టు నేనే చూసి చెప్త."

లిఖిత వైరు చుట్టడం ఆపింది. ఉషారాణి మొహంలోకి చూసింది.

"మీకు చాలా తెలుసు మేడం. మీరు కూర్చుంటే అయిపోతుందేమో కూడా." మాట కోసం వెతుక్కుంది. "కానీ మీరు చూసి బాగుందంటారు కదా. అది నిజంగా బాగున్నట్టో కాదో నాకు ఎట్లా తెలుస్తుంది?"

కోపంగా అన్నది కాదు. తెలియక అడిగింది, జవాబుంటే చెప్పమన్నట్టు ఆగింది కూడా. ఉషారాణి నోరు తెరిచింది. ఏం చెప్పినా అది 'మంచిగున్నది' అన్న తన నోటినుంచే రావాలి. లిఖిత ఇంకాసేపు చూసి, వైరు బ్యాగులో పెట్టుకుని, భోజనాల వైపు వెళ్లిపోయింది.